పద్నాలుగో క్లాజు



ఈ స్మారక ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో ఆయన పేరు అచ్చులో వేయొద్దని కుటుంబసభ్యులు కోరారు. ఆయన హైదరాబాద్ పాతబస్తీలోని మొఘల్‌పురాలో కాపురముండి, చట్టాబజారులో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేశారని, తెలుగు కేసు ముందైనా ఇంగ్లీషు కేసు ముందైనా ఒకే వేగంతో అక్షరాలు ఏరేవారని మాత్రం చెప్పుకోవచ్చన్నారు. కటింగ్ మిషన్ కింద కుడిచేతి వేళ్లు పోయాక యజమాని ఆయన్ను మాన్పించలేదు. ప్రూఫులు దిద్దే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆయన ఎడమచేత్తో రాయడం నేర్చుకుని, పని చాలించేదాకా అక్కడే దిద్దారు. జీతం తగ్గింది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ యజమాని మాట ఎప్పుడొచ్చినా ఆయన కృతజ్ఞతగానే మాట్లాడేవారు మరి.

కృతజ్ఞత ఉన్నచోట జీతం మాట ఎత్తడానికి నోరు రాదు. నేనివాళ చెప్పబోయేదంతా ఈ ఇబ్బంది చుట్టూనే తిరుగుతుంది. ఆ యజమాని మంచివాడే, అందులో నాకు అనుమానం లేదు. అవే రోజుల్లో, అదే పనిలో, వేళ్లు తెగినవాణ్ణి వారం కూలి చేతిలో పెట్టి పంపించేసినవాళ్లు ఉన్నారు. కానీ మనిషి కొలువు ఇంకొకరి మంచితనం మీద నిలబడితే, ఆ మంచితనానికి ఖరీదు నెలనెలా ఆ మనిషి జీతంలోంచే కట్ అవుతుంది. యజమాని కొడుకు గల్లా పెట్టె దగ్గర కూర్చున్నాక ఆ మాత్రం కూడా నిలుస్తుందో లేదో ఎవరూ పూచీ పడలేరు.

దీనికి పక్కన పెట్టి చూడాల్సిన ఉదంతం ఒకటుంది. దానికోసం ఢిల్లీ, వాషింగ్టన్ వెళ్లనక్కర్లేదు. ఇక్కణ్ణుంచి శాలిబండ దాటి ముందుకు పోతే ఫలక్‌నుమా బస్ డిపో వస్తుంది. 1932లో నిజాం స్టేట్ రైల్వే తన కింద రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. 1958లో అది ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. ఆ సంస్థ యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య 1979 డిసెంబర్ 17న ఒక ఒప్పందం కుదిరింది. అందులో పద్నాలుగో క్లాజు డ్రైవర్ల చూపు గురించి. డ్రైవర్‌కు రంగుల అంధత్వం ఉందని తేలితే బండి నడపనివ్వకూడదు, అది ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన సంగతి. అయితే అతన్ని ఇంటికి పంపనూ కూడదు. సంస్థలోనే వేరే పని ఇవ్వాలి, అప్పటిదాకా వస్తున్న జీతం కాపాడాలి.

తేదీని ఒకసారి గమనించండి. మన దేశంలో వికలాంగుల హక్కులకంటూ మొదటి చట్టం వచ్చింది 1995లో. ఐక్యరాజ్యసమితి వికలాంగుల అంతర్జాతీయ సంవత్సరం జరిపింది 1981లో. అమెరికాలో అందరూ ఉదహరించే చట్టం 1990 నాటిది. దానికి ముందు, 1973 చట్టంలోని ఒక సెక్షన్‌కు సంబంధించిన నిబంధనల మీద సంతకం పెట్టించడానికి 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చక్రాల కుర్చీలవాళ్లు, చూపులేనివాళ్లు, చెవిటివాళ్లు ఒక ప్రభుత్వ భవనంలో వారాల తరబడి బైఠాయించాల్సి వచ్చింది. ఆ బైఠాయింపు మీద పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి. అది జరిగి మూడేళ్లయినా గడవకముందే మన డ్రైవర్ల సంఘం బేరసారాల బల్ల దగ్గర కూర్చుని, తమవాళ్ల కళ్ల సంగతి ఒక క్లాజుగా రాయించుకుంది. దీని మీద నాకు తెలిసి ఎవరూ పుస్తకం రాయలేదు. పని దగ్గర సర్దుబాటు అనే ఆలోచన విదేశాల నుంచి కార్పొరేట్ ఆఫీసుల హెచ్‌ఆర్ గదుల్లోకి దిగుమతి అయిందని మనలో చాలామంది అనుకుంటాం. మన దగ్గర అది ముందు ఖాకీ చొక్కా వేసుకునే వచ్చింది.

ఆ క్లాజు దాదాపు ముప్పై అయిదేళ్లు దస్త్రాల్లో ఉండిపోయింది. 2014 మే నెలలో ఒకాయన డ్రైవర్‌గా చేరాడు. తర్వాత వైద్యపరీక్షలో రంగుల అంధత్వం బయటపడింది. పరీక్ష తీరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1917లో జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా తయారుచేసిన పటాలవి. రంగు చుక్కల మధ్య దాగిన అంకెను చదవాలి. ఎరుపు ఆకుపచ్చల తేడా పట్టలేని కంటికి ఆ అంకె సరిగా కనపడదు. ఇది చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది, ఎక్కువగా మగవాళ్లలో. ఎవరో ఆ పటం ముందు పెట్టేదాకా అది ఉన్నట్టే తెలియనివాళ్లు బోలెడంతమంది. అతను తనకు శ్రామిక్ ఉద్యోగమైనా ఇవ్వమని అడిగాడు. డిపో గ్యారేజీలో బండ్ల పని చూసే కింది స్థాయి కొలువు అది. సంస్థ అందుకు ఒప్పుకోక 2016 జనవరిలో వైద్య కారణాల మీద రిటైర్ చేసింది. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా నిండలేదు, అప్పుడే రిటైర్మెంటు.

హైకోర్టులో సింగిల్ జడ్జి ముందు గెలిచాడు. డివిజన్ బెంచ్ దగ్గర ఓడిపోయాడు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో జస్టిస్ జె.కె. మహేశ్వరి, జస్టిస్ అరవింద్ కుమార్ ధర్మాసనం తీర్పు చెప్పింది. 1979 ఒప్పందం ఇంకా బతికే ఉందని, రంగుల అంధత్వం గురించి ప్రత్యేకంగా రాసిన షరతును తర్వాత వచ్చిన సాధారణ షరతులు గానీ సర్క్యులర్లు గానీ తుడిచేయలేవని తేల్చింది. సంస్థ అసలు ఇంకో పని ఉందేమో వెతికే ప్రయత్నమే సరిగా చేయలేదని తప్పుపట్టింది. ఎనిమిది వారాల్లో, 2016 జనవరిలో ఉన్న జీతపు స్థాయి తగ్గకుండా తగిన ఉద్యోగం ఇవ్వాలని, బయట ఉన్న కాలానికి బకాయిల్లో 25 శాతం చెల్లించాలని, ఆ కాలాన్ని నిరంతర సర్వీసుగా లెక్కించాలని ఆదేశించింది. తొమ్మిదిన్నరేళ్ల నిరుద్యోగానికి పావువంతు జీతం. న్యాయం జరిగిందనడానికి ఇది సరిపోతుంది. అతని పిల్లల చదువులకు సరిపోయిందా అన్నది తీర్పులో ఉండే విషయం కాదు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఒక న్యాయ సూత్రం. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) సెక్షన్ కింద, కార్మిక శాఖ అధికారి రాజీ ప్రయత్నంలో కుదిరిన ఒప్పందం సంతకం చేసిన సంఘానికే పరిమితమయ్యేది కాదు. 18(3) సెక్షన్ ప్రకారం ఆ సంస్థలో పనిచేసే అందరికీ, ఆ తర్వాత చేరబోయేవాళ్లకూ వర్తించేది. 1979లో ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఎప్పుడో రిటైరై ఉంటారు. వాళ్లు ముఖమైనా చూడని, 2014లో చేరిన ఒక డ్రైవర్‌ను వాళ్ల సంతకమే కాపాడింది. సంస్థ వాదనల్లో ఒకటి, రంగుల అంధత్వం 1995 చట్టం చెప్పిన వైకల్యాల జాబితాలోనే లేదన్నది. ఆ వాదన నిజమే. చట్టం జాబితాలో లేనిది సంఘం క్లాజులో ఉంది. అందుకే గెలిచాడు.

మధ్యలో ఒక చిన్న మాట. 2020 జూన్‌లో కేంద్ర రవాణా శాఖ నిబంధనలు మార్చి, స్వల్ప, మధ్యస్థ స్థాయి రంగుల అంధత్వం ఉన్నవాళ్లకు డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వవచ్చంది. పెద్ద బస్సు తోలడం వేరే సంగతి, ఒప్పుకుంటాను. కానీ ఏ శరీరం ఏ పనికి పనికిరాదో ఒకసారి తేల్చేస్తే అది శాశ్వతమని నమ్మేవాళ్లు ఈ మార్పు గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు చట్టాల సంగతి. చట్టం శరీరాన్ని చూసిన తీరు మొదట్లో లెక్కల మాస్టారి తీరు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టానికి ఒక షెడ్యూలు ఉండేది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం పోయినట్టు అవయవానికో ధర కట్టారు. ఆ పట్టిక వల్ల లక్షలమందికి ఎంతో కొంత డబ్బు అందింది, దాన్ని తక్కువ చేయను. కాకపోతే ఆ మనిషి మర్నాడు పనిలోకి రావచ్చా, వస్తే ఏ బల్ల దగ్గర కూర్చోవాలి అన్న ప్రశ్న ఆ పట్టికకు తట్టలేదు. పరిహారం ఇచ్చామంటే లెక్క తీరిపోయినట్టే.

1995 చట్టం 47వ సెక్షన్‌తో ఆ ప్రశ్న వేసింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పనికి పనికిరాకపోతే అదే జీతంతో ఇంకో పోస్టుకు మార్చాలి. అది కూడా లేకపోతే అదనపు పోస్టు సృష్టించి, తగిన ఖాళీ వచ్చేదాకా గానీ రిటైరయ్యేదాకా గానీ అందులో ఉంచాలి. 2016 చట్టం 20వ సెక్షన్‌లో ఇదే మాట మళ్లీ ఉంది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచింది, ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్‌ను మూడు నుంచి నాలుగు శాతం చేసింది. వీటికన్నా పెద్ద మార్పు ఇంకొకటి. రీజనబుల్ అకామడేషన్ అనే తగిన సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని నిర్వచనంలోనే రాసింది. అవమానించడం ఒక్కటే వివక్ష కాదు. మెట్లున్న భవనంలో రెండో అంతస్తుకు పోస్టింగ్ వేసి, లిఫ్ట్ లేదు కదా ఏం చేస్తామని తియ్యగా నవ్వడం కూడా వివక్షే.

వైకల్య ధ్రువపత్రాల కోసం సదరం క్యాంపుల్లో వరుసలో నిలబడినవాళ్లకు 40 శాతం అనే అంకె ఎంత భారమో తెలుసు. 38 వస్తే మనిషికి వైకల్యం లేనట్టే. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రైటర్స్ క్రాంప్ అనే చేతి సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో ఈ ముడి కొంత విప్పింది. రాస్తుంటే వేళ్లు బిగుసుకుపోయే ఆ జబ్బు 40 శాతం గీత దాటలేదు, కాబట్టి రాసిపెట్టే సహాయకుణ్ణి ఇవ్వలేమన్నారు అధికారులు. ఆ గీత రిజర్వేషన్‌కే గానీ సర్దుబాటుకు కాదని కోర్టు చెప్పింది. ఎంత శాతం అన్నది ముఖ్యం కాదు, ఈ మనిషికి ఈ పనిలో ఏది అడ్డం వస్తోందన్నదే ముఖ్యం. ఎవరి అవసరం వాళ్లది కాబట్టి ఆ మనిషితో మాట్లాడి తేల్చుకోవాలని కూడా ఆ తీర్పులో ఉంది. నాకు తెలిసి ఆఫీసులు ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే. ర్యాంపు కట్టిస్తారు, ఫొటో తీయిస్తారు. ర్యాంపు ఎక్కాల్సినవాణ్ణి ఏటవాలు ఎంతుంటే నెట్టుకోగలవని మాత్రం అడగరు.

మన నగరానికి ఇందులో ఇంకో వాటా ఉంది. అందుబాటు గురించి సుప్రీంకోర్టు 2023లో నివేదిక కోరింది శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయాన్ని. అక్కడి వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదిక ఆధారంగా 2024 నవంబర్ 8న కోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరి నిబంధనలుగా రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది. భవనం అందరికీ అందుబాటులో ఉండటం ముందస్తు బాధ్యత. ఒక్కో మనిషికీ తగ్గట్టు సర్దుబాటు చేయడం ఆ తర్వాతి బాధ్యత. మొదటిది లేదు గనక రెండోది అడగకూడదనడం, రెండోది చేశాం గనక మొదటిది అక్కర్లేదనడం, ఈ రెండు వాదనలూ ఆఫీసుల్లో రోజూ వినిపిస్తాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు మొఘల్‌పురాలో చుట్టూ చూడండి. ఇక్కడ ప్రభుత్వ సంస్థలెన్ని? ఫైర్ స్టేషన్ ఉంది, పోలీస్ స్టేషన్ ఉంది, బడులున్నాయి. మిగతా పనంతా గదుల్లో జరుగుతుంది. చీకటి మెట్లెక్కితే మగ్గం వర్క్ కార్ఖానా, దాని కింద టైలర్ దుకాణం, పక్కన జిరాక్స్, గల్లీ చివర మొబైల్ రిపేరు. లాడ్‌బజార్ వైపు వెళ్తే లక్క గాజుల కొలిమి. నలుగురు, ఆరుగురు, పదిమంది. జీతం నోటిమాట, లేదా పీస్ రేటు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ అనే కాగితాన్ని ఇక్కడ చాలామంది పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

2016 చట్టం ఈ గదుల దాకా వచ్చేసరికి అలసిపోతుంది. సర్దుబాటు చేయాలి, ఉద్యోగిని తొలగించకూడదు అని 20వ సెక్షన్ గట్టిగా చెప్పింది ప్రభుత్వ సంస్థలకు. ప్రైవేటు సంస్థలకు 21వ సెక్షన్ ఉంది. సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రదర్శించాలి. 20 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసేచోట ఆ విధానంలో పోస్టుల జాబితా, సహాయక పరికరాలు, బాధ్యుడైన అధికారి వివరాలు ఉండాలి. అంతకు తక్కువ ఉన్నచోట ఏ సదుపాయాలు ఇస్తారో రాస్తే చాలు. ఉల్లంఘిస్తే మొదటిసారి జరిమానా పదివేల రూపాయల దాకా. ఐటీ కంపెనీలుండే మాదాపూర్‌లో ఆ విధానం కంపెనీ వెబ్‌సైట్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. కార్చోబ్ అనే మగ్గం చట్రం ముందు కూర్చున్న కుర్రాడికి అలాంటి కాగితం ఒకటి ఉండాలని చెప్పినవాళ్లు లేరు, అతని యజమానికి చెప్పినవాళ్లూ లేరు.

అయినా ఈ గదుల్లో సర్దుబాట్లు జరగడం లేదనుకుంటే పొరపాటు. పోలియో కాలు ముడుచుకోని పనివాడి కోసం కార్చోబ్ చట్రాన్ని నేల మీంచి లేపి స్టాండ్ల మీద పెట్టి, స్టూలు వేసిన కార్ఖానాలున్నాయి. వినపడని టైలర్ ముందు అద్దం బిగించి, వెనక వచ్చే గిరాకీ కనపడేలా చేసిన దుకాణముంది. చూపు మందగించిన పెద్ద పనివాడికి సన్న జరీ తప్పించి, డిజైన్ అచ్చువేసే పని ఇచ్చిన ఉస్తాద్‌లున్నారు. వీళ్లెవరూ సెక్షన్లు చదవలేదు. మనిషిని చూశారు, పనిని చూశారు, మధ్యలో అడ్డొచ్చినదాన్ని పక్కకు జరిపారు. పెద్ద కంపెనీ కన్సల్టెంటుకు డబ్బిచ్చి చేయించుకునే పనే ఇది. తేడా ఒక్కటే. ఇక్కడ ఆ స్టూలుతోపాటు రేటు కూడా కిందికి దిగుతుంది. దిగిందని అనడానికి పనివాడికి నోరు రాదు. కంపోజిటర్ గారి కథే గది గదిలోనూ.

చట్టాబజారు మాట వచ్చింది కాబట్టి అక్షరాల సంగతి ఒకటి చెప్పాలి, ఇది మన భాష తెచ్చిపెట్టిన చిక్కు. పక్కనే దారుల్‌షిఫాలో చూపులేని పిల్లలకు ప్రభుత్వ పాఠశాల ఉంది. అక్కడ చదివిన కుర్రాడు కంప్యూటర్ నేర్చుకుని ప్రెస్సులోనో ఆఫీసులోనో చేరాడనుకుందాం. తెర మీది అక్షరాలను గట్టిగా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో ఒకటి, ఎన్‌వీడీఏ, 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడొకరు మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, తెలుగూ పలుకుతుంది. కుర్రాడు ఫైలు తెరుస్తాడు. సాఫ్ట్‌వేర్ పొడి పొడి ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, గుర్తులు చదవడం మొదలుపెడుతుంది. ఎందుకంటే ఆ ఫైలు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసింది. కంటికి తెలుగే, కంప్యూటర్ కడుపులో మాత్రం అది ఇంగ్లీషు మీటల గజిబిజి. యూనికోడ్‌లో టైపు చేసి ఉంటే ఆ కుర్రాడు పక్కవాడి కన్నా వేగంగా ప్రూఫ్ వినేవాడు. యూనికోడ్ తెలుగు విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచి విండోస్ కంప్యూటర్లలో ఉచితంగా ఉంది. ఉర్దూ పేజీలు కట్టే పాత ఇన్‌పేజ్ ఫైళ్లదీ ఇదే గొడవ. పత్రాలను ఫొటోల్లా స్కాన్ చేసి పంపే ఆఫీసుల సంగతి చెప్పనే అక్కర్లేదు. చూపులేనివాడు ఈ ఉద్యోగం చేయలేడని రాసేవాళ్లు ముందు తమ ఫాంట్ మార్చుకుని ఆ తర్వాత రాయాలి.

ఖర్చు అనే భయం చాలావరకు ఇలాంటిదే. అమెరికాలో 1983 నుంచి యజమానులకు సలహాలిచ్చే జాబ్ అకామడేషన్ నెట్‌వర్క్ అనే సంస్థ ఉంది. సర్దుబాట్లు చేసిన యజమానులను ఏటా అడిగితే, దాదాపు సగంమందో, అంతకన్నా ఎక్కువమందో తమకు అసలు ఖర్చే కాలేదంటారు. పనివేళ అరగంట జరపడం, కుర్చీ మార్చడం, చెప్పేది కాగితం మీద రాసివ్వడం. మిగతావాటికి ఖర్చుంటుంది, కొన్నిటికి బాగానే ఉంటుంది. పాత ఇంటి మూడో అంతస్తుకు లిఫ్ట్ పెట్టించమని నేను ఏ కార్ఖానాదారునూ అడగలేను. చట్టం కూడా మోయలేని భారం మోయమనదు. కానీ ఆ పనివాడి చట్రాన్ని కింది అంతస్తుకు దించమని అడగొచ్చు కదా. మెట్లు ఎక్కలేనని అతను మానేస్తే ప్రభుత్వం నెలకు 4,016 రూపాయల పింఛను ఇస్తుంది. చెయ్యి తిరిగిన పనివాడి సంపాదన ఎక్కడ, ఆ పింఛను ఎక్కడ?

ఇక కంటికి కనపడనివి. కాలు, కన్ను, చెయ్యి అయితే యజమానికి కనీసం తెలుస్తుంది. మూర్ఛ ఉన్న అమ్మాయి మాత్ర వేసుకోవడానికి బాత్రూములోకి వెళ్తుంది. వినికిడి తగ్గుతున్న గుమస్తా అన్నిటికీ తలూపి, తర్వాత తిట్లు తింటాడు. మానసిక సమస్యకు మందులు వాడేవాడు చీటీ చింపి పారేస్తాడు. 2021 డిసెంబర్‌లో సీఆర్‌పీఎఫ్‌లో పనిచేసే, మానసిక రుగ్మత ఉన్న ఒక అధికారి కేసులో సుప్రీంకోర్టు ఒక అడుగు ముందుకేసింది. ఆ రుగ్మతతో ముడిపడిన ప్రవర్తన మీద క్రమశిక్షణ చర్య మొదలుపెట్టడం పరోక్ష వివక్ష అవుతుందని చెప్పింది. సాయుధ దళంలో పనిచేసే మనిషి గురించి ఇచ్చిన తీర్పది. మన గల్లీల్లో, అయితే, అమ్మాయికి మూర్ఛ ఉందని తెలిస్తే పని మాత్రమే కాదు, పెళ్లి సంబంధమూ పోతుంది. అందుకని సర్దుబాటు కావాలని నలుగురి ముందు అడగమనడం అన్యాయం. గుట్టుగా అడిగే దారి ఒకటుండాలి. ప్రభుత్వ సంస్థల్లో 23వ సెక్షన్ కింద ఫిర్యాదుల అధికారి ఉండాలి. బజారులో ఆ పని ఎవరు చేయాలన్నది కాసేపట్లో చెబుతాను.

2024 జూలైలో మన రాష్ట్ర కేడర్‌కు చెందిన ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి, వైకల్యం ఉన్న పైలట్‌ను విమాన సంస్థ పెట్టుకుంటుందా, అలాంటి సర్జన్‌ను మీరు నమ్ముతారా అన్న అర్థంలో అడిగి, అఖిల భారత సర్వీసుల్లో ఈ కోటా ఎందుకని ప్రశ్నించారు. దేశమంతా దుమారం రేగింది. నాకు ఆ ప్రశ్న మీద కోపం లేదు, చాలామంది లోపల అనుకునేదాన్ని ఆవిడ బయటకు అన్నారు. జవాబు ఆర్టీసీ క్లాజులోనే ఉంది. రంగులు తెలియని మనిషిని బస్సు తోలనివ్వమని డ్రైవర్ల సంఘం అడగలేదు. ప్రయాణికుల భద్రతను ఒప్పుకుంటూనే, ఆ మనిషికి ఇంకో పని చూపించమంది. ఏ పని కుదరదో ఒక్కటి దొరకబుచ్చుకుని, దాంతో మిగతా తలుపులన్నీ మూసేయడం సులువు. ఏది కుదురుతుందో వెతకడానికే ఓపిక కావాలి.

ఆ దుమారంలో జవాబుగా అందరూ గొప్పవాళ్ల పేర్లు చెప్పారు. నేనూ చెప్పగలను. ఊతకర్రలతో నడుస్తూ పార్లమెంటును మెప్పించిన సూదిని జైపాల్ రెడ్డి గారు ఉండేవారు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టి, బేగంపేట దేవనార్ పాఠశాలలో చదివి, చూపులేదని ఇంటర్లో సైన్స్ ఇవ్వలేమంటే కోర్టుకు వెళ్లి సాధించి, ఎంఐటీ దాకా వెళ్లొచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించిన శ్రీకాంత్ బొల్లా ఉన్నారు. ఆయన కంపెనీ వికలాంగులకు ఉద్యోగాలిస్తోంది, 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఈ కథలంటే నాకు గౌరవమే, అయితే వాటిని వాడే తీరంటే భయం. వాళ్లు సాధించలేదా, నీకేమైందని అడగడానికి అవి పనికొస్తున్నాయి. సగటు మనిషిగా, సగటు పని చేసుకుంటూ, సగటు జీతం తెచ్చుకునే హక్కు వికలాంగుడికి ఎందుకుండకూడదు? సినిమా తీయించుకునేంత ఎత్తుకు ఎదిగితేగాని కుర్చీ వేయరా?

కార్ఖానాలకు కార్మిక సంఘం లేదు, అది నిజం. అయితే బజారుకో వ్యాపారుల సంఘం ఉంది, పనివాళ్లకు ఉస్తాద్‌లున్నారు, మసీదు కమిటీలు, బస్తీ కమిటీలు ఉన్నాయి. ధరలు, సెలవులు, రంజాన్ నెలలో పనివేళలు వీళ్లంతా కూర్చుని మాట్లాడుకునే తేల్చుకుంటారు, ఏ చట్టమూ చెప్పకుండానే. ఒక క్లాజు రాసుకోవడానికి అంతకన్నా పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. ఈ ఉపన్యాస నిధి పెద్దలు, న్యాయవాదులు కొందరు కూర్చుని ఒక ముసాయిదా తయారుచేశారు. చదువుతాను.

పనిలో ఉండగా పనివాడి ఒంటికి గానీ మనసుకు గానీ ఏదైనా అయితే, అతన్ని తీసేయడానికి ముందు అతనితోనే కూర్చుని ఏం మారిస్తే పని సాగుతుందో మాట్లాడాలి. ఉన్న పని కుదరకపోతే అదే కార్ఖానాలో, లేదా బజారు సంఘంలోని ఇంకో దుకాణంలో, చేయగల పని వెతకాలి. పని మారినా సంపాదన అంతకుముందు ఆరు నెలల సగటుకు తగ్గకూడదు. అడిగిన విషయం బయటకు పొక్కకూడదు, అందుకోసం బజారుకు ఒకరిని, పనివాళ్లు ఒప్పుకున్న మనిషిని, పెట్టుకోవాలి. ఆడపనివాళ్లు అడగడానికి ఆ మనిషి ఆడమనిషై ఉండాలి. కొత్తగా పనికి వచ్చినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఆఖరి వాక్యం 18(3) సెక్షన్ నుంచి తీసుకున్నది, దాన్ని మాత్రం మార్చనివ్వొద్దని నా మనవి. మూడో షరతు మీద కార్ఖానాదారులు ఇప్పటికే అభ్యంతరం చెప్పారు. నెల జీతమైతే సరే, పీస్ రేటు పనిలో సగటు ఎలా కాపాడతాం, పెళ్లిళ్ల సీజన్‌కూ మామూలు రోజులకూ సంపాదన ఒకటేనా అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఆరు నెలలకు బదులు ఏడాది సగటు తీసుకోవాలని ఒకరు, కొత్త పనికి రేటు సంఘమే కట్టాలని ఇంకొకరు అంటున్నారు. నాకు రెండోదాని మీద మొగ్గు ఉంది, అయితే సూది పట్టేది నేను కాదు. ముసాయిదా తెలుగులో, ఉర్దూలో వెనక బల్ల మీద ఉంది. పెద్ద అక్షరాల ప్రతులూ ఉన్నాయి. చదవలేనివాళ్లకు పక్కన కూర్చుని చదివి వినిపించేవాళ్లున్నారు. మూడో షరతు పక్కన ఖాళీ వదిలాం. చాయ్ తాగి వెళ్లేలోగా మీ లెక్క అక్కడ రాయండి, రాయలేనివాళ్లు చెప్పి రాయించండి.